సూదికి సెలవు

పోయిన వారం మా పిచ్చుకను మెట్రో రైలు డిపోలో బెంచీ మీద కూర్చోబెట్టి వదిలేశాను. చేతిలో డ్రైవరు పనికి తగదన్న కాగితం, కళ్ళ నిండా నీళ్ళు. పిల్లను అలా ఏడుపు మొహంతో వదిలేసి పోవడానికి ఈ ముసలిదానికి మనసెలా వచ్చిందని మీలో కొందరు తిట్టుకునే ఉంటారు. తిట్టుకోండి, పరవాలేదు. మీ కోపం ఈ వారం తీర్చేస్తాను.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళకు ముందు సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. పిచ్చుక నా చిన్నకొడుకు కూతురు. పుట్టినప్పటినుంచీ సన్నగా, ఎప్పుడూ ఏదో ఒక చోటికి ఎగరబోతున్నట్టు ఉంటుందని ఆ పేరు. బడికి పోయే రోజుల్లోనే దానికి షుగర్ బయటపడింది. అప్పటినుంచీ భోజనానికి ముందు ఇన్సులిన్ సూది. మనం నీళ్ళ గ్లాసు దగ్గర పెట్టుకున్నట్టు అది సూది దగ్గర పెట్టుకుంటుంది. దానికి రైలు నడపాలని పంతం. రాత పరీక్ష నెగ్గింది, బొమ్మ క్యాబిన్‌లో కూర్చోబెట్టి పెట్టిన పరీక్షా నెగ్గింది. చివరికి డిపో డాక్టరు దగ్గర ఆగిపోయింది. "ఇన్సులిన్ వేసుకునేవాళ్ళకు డ్రైవరు సీటు ఇవ్వం అమ్మా. సొరంగంలో ఉండగా షుగర్ పడిపోతే నీ వెనక ఎంతమంది?" అన్నాడాయన. పాపం మంచివాడే. "సూది లేకుండా అదుపులో ఉంటే, కొత్త బ్యాచి మొదలయ్యేలోగా రా. సీటు అట్టే పెడతాను" అని కూడా అన్నాడు. చేపను గట్టుమీదికొచ్చి బతకమన్నట్టు అనిపించింది మాకు ఆ మాట.

అయితే అంతకుముందే ఒక పని జరిగి ఉంది. పెద్దాసుపత్రిలో హార్మోన్ల విభాగంలో పరిశోధన చేసే డాక్టరమ్మ ఒకావిడ మా పిచ్చుక రక్తం కొంచెం తీసుకెళ్ళింది. ఇంత సన్నటి పిల్ల, ఇంత తక్కువ ఇన్సులిన్‌తో ఇన్నేళ్ళు ఎలా నెట్టుకొస్తోందని ఆమెకు అనుమానం. ఆ డాక్టరమ్మే ఒకరోజు ఉన్నట్టుండి మా బేకరీకి వచ్చింది.

మా బేకరీ గురించి కూడా చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగిన గొడవ మీకు అందదు. ముందు గదిలో అద్దాల బల్ల, దాని వెనక నా చిన్నకోడలు, అంటే పిచ్చుక తల్లి. వెనక గదిలో పొయ్యి, పిండి బస్తాలు, గోడ పొడుగునా ట్రేలు. పొయ్యి దగ్గర నా పెద్దకొడుకు. మనిషి తలుపంత ఉంటాడు, కనుబొమల మీద ఎప్పుడూ పిండి. మా ఆయన ఈ బేకరీ పెట్టినప్పుడు ఒక నియమం కూడా పెట్టాడు. మా ఇంటివాళ్ళెవరూ రుచి చూడకూడదు, షుగర్ వచ్చినవాళ్ళు పొయ్యి దగ్గర నిలబడకూడదు. ఎందుకంటే మా ఆయనకు చిన్న వయసులోనే షుగర్ వచ్చింది, ఆయన చెల్లెలికీ వచ్చింది. ఇద్దరూ వాళ్ళ నాన్న రొట్టెల పొయ్యి దగ్గర పెరిగినవాళ్ళే. ఆ వేడికీ, నాలుక మీద పడే పంచదారకీ వస్తోందని ఆయన తీర్మానించేశాడు. ఆయన తీర్మానిస్తే కాదనేదెవరు? అందుకే మా దుకాణంలో ఉప్పు తక్కువైందో తీపి ఎక్కువైందో చెప్పేది మేం కాదు, పక్క కొట్టు దర్జీ. పొద్దున్నే వస్తాడు, ఒక్కో ట్రేలోంచి ఒక్కో ముక్క తిని తీర్పు చెప్తాడు. అలా తినీ తినీ ఆయన తన కొలతలు తానే మూడుసార్లు మార్చుకున్నాడు గానీ, షుగర్ మాత్రం ఆయన గడప తొక్కలేదు. అది చూసి కూడా మాకెవరికీ బుర్ర వెలగలేదు, ఏం చెప్పను!

డాక్టరమ్మ వచ్చేసరికి పెద్దోడు పొడుగు చెక్కపారతో రొట్టెలు బయటికి లాగుతున్నాడు. దర్జీ నోట్లో బన్ను ముక్క ఉంది. పిచ్చుక బస్తా మీద కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది.

"ఫలితం వచ్చింది" అంది డాక్టరమ్మ.

"కూర్చుని వినాలా, నిలబడి వినాలా?" అంది పిచ్చుక.

"నిలబడే విను. కూలబడిపోయే వార్తేం కాదు. నీది మనమంతా ఇన్నాళ్ళూ అనుకున్న షుగర్ కాదు, వేరే రకం."

పెద్దోడు పార పట్టుకునే తల తిప్పాడు. "షుగర్‌లో రకాలేంటమ్మా, బిస్కెట్లా?"

"బిస్కెట్లంత రకాలున్నాయి సార్. మేమిప్పుడిప్పుడే విడదీసి చూడగలుగుతున్నాం. మీ అమ్మాయికున్నది ఒకే ఒక్క జన్యువులో వచ్చిన మార్పు వల్ల. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి బిడ్డకు వచ్చింది. ఒక్కో బిడ్డకూ సగానికి సగం అవకాశం, నాణెం ఎగరేసినట్టు."

ఆ జన్యువు పేరు కూడా చెప్పింది. అక్షరాలూ అంకెలూ కలిసి బస్సు నంబరులా ఉంది, నాకు నోరు తిరగలేదు. నాకు తిరిగినా మీకు దానితో పనిలేదు. అసలు మాట తర్వాత చెప్పింది.

"మామూలుగా చిన్నపిల్లల్లో వచ్చే షుగర్‌లో ఇన్సులిన్ తయారుచేసే కణాలే చచ్చిపోతాయి. పొయ్యి కూలిపోయినట్టన్నమాట. నీకు పొయ్యి కూలలేదు. మంట వెలిగించే బొత్తాం బిగుసుకుపోయింది, అంతే. ఆ బొత్తాం నొక్కే మాత్ర ఒకటుంది. కొత్తదేం కాదు, ఎప్పటినుంచో మందుల షాపుల్లో ఉన్నదే. ఈ రకం వాళ్ళకు అది చాలా బాగా పనిచేస్తుంది, పావు మాత్రతోనే. కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉంచుకుని, సూది ఆపి, మాత్ర ఇచ్చి చూద్దాం."

దర్జీ నమలడం ఆపేశాడు.

చెక్కపార నేలకేసి కొట్టిన చప్పుడుకు ముందు గదిలోంచి నా చిన్నకోడలు పరుగెత్తుకొచ్చింది.

"వీల్లేదు" అన్నాడు పెద్దోడు. "సూది ఆపడమా? ఈ ఇంట్లో ఆ మాట అనకండి. దీని తండ్రి ఎలా పోయాడో మీకు తెలుసా? సూది ఎగ్గొట్టి ఎగ్గొట్టి పోయాడు నా తమ్ముడు. కిడ్నీలు పాడై, ఆసుపత్రి మంచం మీద, నా చెయ్యి పట్టుకుని పోయాడు. మళ్ళీ అదే పని దీనితో చేయిస్తారా?"

"పెదనాన్నా, విను..."

"నువ్వు నోర్ముయ్! రైలు లేకపోతే పోయింది. రైలు కోసం ప్రాణం తీసుకుంటావా?"

వాడు అరిస్తే నాకు కోపం రాలేదు. వాడి గొంతులో అంత భయం నేనెప్పుడూ వినలేదు. చిన్నోడికి షుగర్ అని తెలిసిన రోజున మా ఆయన వాణ్ణి పొయ్యి దగ్గర్నుంచి తప్పించి డెలివరీ వ్యాన్ ఎక్కించాడు. పొయ్యి అంటే ప్రాణం వాడికి. వ్యాన్‌లో కూర్చుని మొహం అటు తిప్పుకున్నాడు, నేను చూడకూడదని. తర్వాత్తర్వాత కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని ఊళ్ళు తిప్పేవాడు. దీనికి చక్రాల పిచ్చి అలాగే అంటుకుంది.

డాక్టరమ్మ గట్టిగా మాట్లాడలేదు. నా వైపు తిరిగి, "అమ్మగారూ, మీ అబ్బాయి సూది ఎగ్గొట్టేవారా? ఒక పూటా, రెండు పూటలా?" అని అడిగింది.

"పూటలేంటి తల్లీ, వారాలకు వారాలు. పెళ్ళి కేకుల ఆర్డర్ల కాలంలో వ్యాన్ వేసుకుని పోయేవాడు. వాడు తిరిగొచ్చాక చూస్తే సీసా మూత కూడా తీసి ఉండేది కాదు."

"అప్పుడు వాంతులు, ఆయాసం, స్పృహ తప్పడం?"

"ఏమీ లేవే! దాహం, అంతే. పెద్ద నీళ్ళ డబ్బా పక్కన పెట్టుకుని వ్యాన్ తోలేవాడు. దారిపొడుగునా ఒంటికి వెళ్ళాలని ఆగి ఆగి దీన్ని కూడా విసిగించేవాడు."

డాక్టరమ్మ పిండి బస్తా మీద కూర్చుండిపోయింది. నల్ల బట్టల నిండా పిండి అంటింది, పట్టించుకోలేదు.

"సార్, ఒక్క నిమిషం. మనం అనుకున్న రకమే అయితే, అన్ని వారాలు సూది లేకుండా ఆయన వ్యాన్ తోలగలిగేవారు కాదు. రోజుల్లోనే ఆసుపత్రిలో పడేవారు. తోలారంటే ఆయన ఒంట్లో సొంత ఇన్సులిన్ తయారవుతూనే ఉందన్నమాట. మీ అమ్మాయి రక్తంలోనూ సొంత ఇన్సులిన్ జాడ కనిపించింది. జబ్బు మొదలై ఇన్నేళ్ళయ్యాక ఆ రకంలో సాధారణంగా కనిపించదు. నాకు అనుమానం వచ్చింది దాన్నిబట్టే."

"మరి ఎందుకు పోయాడు?"

"సరిపడే మందు లేక. షుగర్ ఏళ్ళ తరబడి పైనే ఉండిపోతే కిడ్నీలు ఆగవు. అందుకే నేను మందు మానెయ్యమనడం లేదు. మందు మార్చమంటున్నాను."

నా చిన్నకోడలు గుమ్మం పట్టుకుని, "అంటే... ఆయనకు కూడా ఆ మాత్ర సరిపోయేదా?" అని అడిగింది.

ఇంకో డాక్టరైతే మాట దాటేసేది. ఈవిడ దాటేయలేదు. "సరిపోయి ఉండేదేమోనమ్మా. అప్పట్లో ఈ పరీక్ష మామూలుగా ఎవరికీ చేసేవాళ్ళు కాదు."

నా కోడలు ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కొంగుతో చేతులు తుడుచుకుని కూతురి పక్కన వచ్చి నిలబడింది. పెళ్ళయి వచ్చినప్పటినుంచీ బావగారి ముందు గొంతెత్తని మనిషి.

"బావగారూ, నా జీవితమంతా ఆ ఏమోతో గడిచిపోతుంది. నా కూతురికి ఆ ఏమో వద్దు. డాక్టరుగారూ, ఎప్పుడు తీసుకురమ్మంటారు?"

దర్జీ గుటక వేసి, "అమ్మగారూ, అయితే ఈ జబ్బు రుచి చూడటం వల్ల రాదా? నా ఉద్యోగం పోయినట్టేనా?" అన్నాడు మెల్లిగా. పిచ్చుక ఫక్కున నవ్వింది. ఆ నవ్వుతో ఇంట్లో సగం గొడవ సర్దుకుంది.

మిగతా సగం పెద్దోడి మొహంలో ఉండిపోయింది. వెళ్తూ వెళ్తూ డాక్టరమ్మ, "మీరూ పరీక్ష చేయించుకుంటే మంచిది సార్" అంటే, "నాకేం జబ్బు? గుండ్రాయిలా ఉన్నాను" అని పొయ్యి వైపు తిరిగిపోయాడు.

ఇక్కడ ఒక మాట. ఇది చదివి మీ ఇంట్లో ఎవరైనా సూది మానేశారో, నేనే వచ్చి చెవి మెలేస్తాను. ఈ రకం చాలా కొద్దిమందికే ఉంటుంది. మిగతావాళ్ళకు సూదే ప్రాణం. పరీక్ష చేసి డాక్టరు చెప్తేనే. సరేనా? ఇక ఆసుపత్రికి పదండి.

అక్కడ పిచ్చుక భుజానికి రూపాయి బిళ్ళంత బిళ్ళ ఒకటి అంటించారు. ఒంట్లో షుగర్ ఎంతుందో అది ఫోనుకు చెప్తూ ఉంటుంది. అంకె పక్కన ఒక బాణం కూడా చూపిస్తుంది. పైకి చూస్తే పెరుగుతోందని, పక్కకు చూస్తే నిలకడగా ఉందని, కిందికి చూస్తే తగ్గుతోందని. డాక్టరమ్మ ఆ అంకె పెద్దోడి ఫోనుకు కూడా వచ్చేట్టు చేసింది. చేయకుండా ఉండాల్సింది. పొయ్యి వేడి చూడటం మానేసి రోజంతా మేనకోడలి షుగర్ చూస్తూ కూర్చున్నాడు.

మేనకోడలని రాసేశాను, చూడండి. తమ్ముడి కూతురు కదా, వాడికి కూతురే. వయసు మీదపడ్డాక కలం నాలుక కంటే తొందరపడుతోంది.

పావు మాత్రతో మొదలుపెట్టి, కొంచెం కొంచెం తినిపించి చూశారు. బాగానే ఉంది. ఒకపూట షుగర్ మరీ దిగితే పండ్ల రసం తాగించి మోతాదు సరిచేశారు. చివరికి అసలు పరీక్ష రోజు వచ్చింది. డ్యూటీలో ఉన్న డ్రైవరు ఎలా తింటాడో అలా కడుపునిండా తినాలి. సూది లేదు. తర్వాత అంకె దానంతటదే పైకెళ్ళి, దానంతటదే దిగిరావాలి. దిగితే డాక్టరమ్మ డిపోకు ఫోన్ చేస్తుంది. దిగకపోతే మళ్ళీ సూదే, రైలు లేదు. కొత్త బ్యాచి మొదలవడానికి ఇంకెంతో వ్యవధి లేదు కూడా.

దర్జీ టేపుతో సహా దిగిపోయాడు. "యూనిఫాం కొలతలు ఇప్పుడే తీసుకోనా?" అని.

"అన్నం తిననివ్వవయ్యా ముందు!" అన్నాను.

పిచ్చుక తినేసింది. ప్లేటు ఖాళీ. అందరం ఫోను చుట్టూ మూగాం. అంకె పెరగడం మొదలైంది. బాణం పైకి. నూట యాభై. నూట ఎనభై. రెండొందలు దాటింది, బాణం ఇంకా పైకే.

అప్పుడే తలుపు తోసుకుని పెద్దోడు వచ్చాడు. ముందు కట్టుకున్న గుడ్డ కూడా విప్పలేదు. దారంతా పిండి రాలుకుంటూ వచ్చి ఉంటాడు.

"చూశారా? చూశారా, నేను చెప్పలేదూ?" అంటూనే జేబులోంచి ఇన్సులిన్ పెన్ను, అదే పెన్నులా ఉండే సూది, తీశాడు. మూత పీకాడు, మోతాదు తిప్పాడు. అంతా కళ్ళు మూసి తెరిచేలోపు. "చెయ్యి ఇటియ్యి. లేకపోతే పొట్ట చూపించు. రైలు మళ్ళీ జన్మలో నడుపుదువుగాని."

"సార్, ఆగండి. ఇంకాసేపు."

"ఇంకాసేపు ఏంటమ్మా, పిల్ల పోతుంటే!"

పిచ్చుక లేచి నిలబడింది. రెక్కలా సన్నగా ఉన్న చెయ్యి వాడి గుండెకు అడ్డం పెట్టింది. "పెదనాన్నా, నేను పోవడం లేదు. నాకు తల తిరగడం లేదు. చూడు, నీ ముందే నిలబడ్డాను. నాన్న చెయ్యి పట్టుకున్నావు కదా, నాదీ పట్టుకో. పెన్ను మాత్రం పక్కన పెట్టు."

వాడు పెన్ను మంచం మీద పెట్టాడు. దాని చెయ్యి పట్టుకున్నాడు. రొట్టెలు లాగి లాగి కాయలు కాసిన చెయ్యి వాడిది.

బాణం పక్కకు తిరిగింది.

అంకె కాసేపు అక్కడే తచ్చాడింది, లోపలికి రావాలా వద్దా అని గుమ్మంలో నిలబడ్డ చుట్టంలా. తర్వాత బాణం కిందికి తిరిగింది. నూట తొంభై. నూట డెబ్భై. పిచ్చుక ఒంట్లోంచి, సొంతంగా, సూది మొనంత సాయం లేకుండా! నూట నలభై దగ్గర డాక్టరమ్మ చదువూ హోదా మర్చిపోయి చప్పట్లు కొట్టింది. మా కోడలు గోడకు ఆనుకుని జారిపోయి, కింద కూర్చునే నవ్వుతోంది, ఏడుస్తోంది. అంకె ఇంకాస్త దిగి, మంచిపిల్లలా నిలబడిపోయింది.

డాక్టరమ్మ అక్కడే డిపోకు ఫోన్ చేసి, అందరికీ వినిపించేలా పెట్టింది. అంతా విని ఆ డాక్టరు, "ఇన్నేళ్ళ సర్వీసులో నేను వెనక్కి పంపినవాళ్ళు తిరిగి రావడం ఇదే మొదటిసారి" అన్నాడు. "రిపోర్టులు తీసుకుని రమ్మనండి. అన్నీ ఇలాగే ఉంటే సీటు ఆ అమ్మాయిదే."

పక్క వార్డుల్లోంచి జనం తొంగిచూసేంత గోల చేశాం. దర్జీ టేపు తీసి భుజాలు కొలుస్తూ, "ఒక అంగుళం వదులు పెడతానమ్మా. ఇక నుంచి రుచి చూసేది నువ్వేగా!" అన్నాడు. నర్సు వచ్చి కసిరితే నర్సును కూడా కౌగిలించుకున్నాను. నా చిన్నోడు గెలిచినట్టుంది నాకు. వాడి తప్పేమీ లేదని, వాడిదీ నా మనవరాలిదీ మొండి జబ్బు కాదని, దానికో పేరుందని, దారుందని ఇన్నాళ్ళకు తేలింది.

పెద్దోడొక్కడే కిటికీ దగ్గర నిలబడ్డాడు. పిచ్చుక వాడి దగ్గరికి వెళ్ళింది, మంచం మీది పెన్ను చేతిలో పట్టుకుని.

"తీసుకో పెదనాన్నా, ఇక దీనితో పని..." అని ఆగిపోయింది. పెన్నును అటూ ఇటూ తిప్పింది. "ఇది నాది కాదే. నావన్నీ డాక్టరుగారికి ఇచ్చేశాం. ఇందులో సగం మందు వాడేసి ఉంది. ఎవరిది పెదనాన్నా?"

దర్జీ టేపు చుట్టడం కూడా మర్చిపోయాడు. డాక్టరమ్మ వాడి మొహం వైపు కాదు, వాడి నడుం వైపు చూస్తోంది. చొక్కా కింద వాడి చెయ్యి తెలియకుండానే పొట్ట మీదికి పోయింది.

వాడు చిన్నప్పుడు ఏదైనా విరగ్గొట్టి వచ్చినప్పుడు చూసినట్టు, తిన్నగా నా వైపు చూశాడు.

"చెబితే నాన్న నన్నూ పొయ్యి దగ్గర్నుంచి తప్పించేవాడు. చిన్నోడికి సూది వేసుకోవడం నేర్పింది ఎవరనుకున్నావమ్మా?"